ఈ36 ముందు బుష్‌లు: మూడు జతలు, లక్షా పది వేల కిలోమీటర్లు

బ్రేక్ మీద కాలు పెట్టగానే స్టీరింగ్ వణికితే ఎవరి చూపైనా ముందు డిస్క్‌ల మీదకే పోతుంది. నాదీ అక్కడికే పోయింది. కొత్త డిస్క్‌లు, కొత్త ప్యాడ్‌లు వేయించాను. రెండు వారాలు హాయిగా ఉంది. మూడో వారంలో, వంద వేగం నుంచి ఎనభైకి దిగుతుంటే, మళ్లీ అదే వణుకు చేతుల్లోకి వచ్చింది. చక్రాలు బ్యాలెన్స్ చేయించాను, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్పించాను. అసలు జబ్బు ఉన్న చోటికి చేరడానికి నాకు మూడు నెలలు పట్టింది. అది బుష్ అనే పిడికిలంత రబ్బరు ముక్క, రెండు వైపులా కలిపి రెండే రెండు.

కారు 1997 బీఎండబ్ల్యూ 328ఐ కూపే, ఈ36 తరానిది. 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 193 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, వెనక చక్రాల డ్రైవ్. 1,38,000 కిలోమీటర్లు తిరిగాక నా చేతికి వచ్చింది. ఇప్పుడు మీటర్ 2,51,000 దాటింది. ఈ తొమ్మిదేళ్లలో ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు కారుకు కలిపే చెయ్యి) బుష్‌లు మూడు రకాలు వాడాను: మొదట కంపెనీ తరహా మామూలు రబ్బరు, తర్వాత పాలీయురెథేన్ (పాలీ అంటారు, రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ లాంటిది), ఇప్పుడు రంధ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉన్న గట్టి రబ్బరు. ఒక్కోదాన్ని దాని జీవితం అయ్యేదాకానో, నా ఓపిక అయ్యేదాకానో వాడాను కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

ముందుగా ఈ బుష్ చేసే పని చెప్పాలి. అది తెలియకపోతే ఏది కొనాలన్న ప్రశ్న "ఏది గట్టిది" అన్న దగ్గరే ఆగిపోతుంది. నేనూ రెండేళ్లు అక్కడే ఆగిపోయాను.

ఈ36 ముందు భాగంలో ఒక్కో పక్క ఒకే లోయర్ ఆర్మ్ ఉంటుంది, కొడవలిలా వంకర తిరిగి. దాని బయటి కొన చక్రం దగ్గర బాల్ జాయింట్‌లో, అంటే గిన్నెలో గోళం తిరిగే కీలులో ఉంటుంది. లోపలి పట్టు ఇంజన్ కింద ఉన్న సబ్‌ఫ్రేమ్‌కు, అక్కడ కూడా బాల్ జాయింటే. మూడో కొన వెనక్కి సాగి ఒక గుండ్రటి బ్రాకెట్‌లోని రబ్బరులో దూరుతుంది. ఆ బ్రాకెట్ ఆకారం చూసి దాన్ని లాలీపాప్ అంటారు. అది రెండు బోల్టులతో బాడీకి బిగుసుకుంటుంది. అంటే ఆర్మ్ మొత్తంలో మెత్తదనం ఉన్న చోటు అదొక్కటే. చక్రం గుంతలో పడ్డా, బ్రేక్ పడ్డా, మలుపు తిరిగినా ఇచ్చిపుచ్చుకునేదంతా ఆ రబ్బరుతోనే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బ్రేక్ వేస్తే చక్రం వెనక్కి లాగబడుతుంది, కాబట్టి బుష్ కూడా ముందువెనకలుగా నలుగుతుందని అనుకుంటాం. అలా జరగదు. ఆర్మ్ లోపలి బాల్ జాయింట్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి, బయటి కొన వెనక్కి పోతే వెనక కొన కారు మధ్యలోకి, అంటే అడ్డంగా జరుగుతుంది. బ్రేక్ దెబ్బ బుష్‌కు పక్కవాటుగా తగులుతుంది. మామూలు బుష్‌లో రబ్బరు మధ్య చిక్కుడు గింజ ఆకారంలో రెండు ఖాళీలు ఉంటాయి కదా, వాటి ఆంతర్యం అదే. ఏ దిక్కున మెత్తగా ఉండాలో, ఏ దిక్కున గట్టిగా నిలబడాలో ఆ ఖాళీలే నిర్ణయిస్తాయి. అందుకే బుష్‌ను బ్రాకెట్‌లో ఎలా పడితే అలా తిప్పి కొట్టకూడదు. బుష్ మీద గుర్తు ఉంటుంది, బ్రాకెట్ మీదా ఉంటుంది. రెండూ కలవాలి.

దీన్ని కళ్లారా చూడాలనిపించి ఒకసారి పాత ఫోన్‌ను సబ్‌ఫ్రేమ్ దగ్గర కట్టి, బ్రాకెట్ మీద, ఆర్మ్ కొన మీద తెల్ల పెయింట్‌తో ఒక్కో గీత గీశాను. ఖాళీ స్థలంలో ముప్పై వేగంతో వెళ్లి బ్రేక్ నొక్కాను. వీడియోలో ఆ రెండు గీతలు నాలుగైదు మిల్లీమీటర్లు ఎడంగా జరిగి, కారు ఆగగానే టక్కున కలుసుకున్నాయి. ముప్పై వేగంలోనే అంత! వెనక కొన అక్కడ అంత జరిగిందంటే, బయట చక్రం దాదాపు ఆ లెక్కలోనే వెనక్కి పోతోందన్నమాట. డిస్క్‌లో ఉన్న వెంట్రుకవాసి హెచ్చుతగ్గును పాడైన బుష్ పట్టుకుని పెద్దది చేసి స్టీరింగ్‌లోకి పంపుతుంది. కొత్త డిస్క్‌లు వేసినప్పుడు రెండు వారాలు బాగుండి మళ్లీ మొదటికి రావడానికి కారణం అప్పుడు అర్థమైంది. వణుకు పుట్టించేది ఒకటి, దాన్ని పెంచేది ఇంకొకటి. నేను పుట్టించేదాన్ని మార్చి, పెంచేదాన్ని వదిలేశాను.

బుష్ పోయిందో లేదో చూడటం కష్టం కాదు. కారును జాకీ మీద ఎత్తి, స్టాండ్‌ల మీద నిలిపి, బ్రాకెట్‌కూ ఆర్మ్‌కూ మధ్య పొడవాటి లివర్ పెట్టి అడ్డంగా ఎత్తాలి. మంచి బుష్ అయితే రబ్బరు సాగుతుంది, వదలగానే వెనక్కి వస్తుంది. నాది అలా రాలేదు. ఆర్మ్ కొన లోపల గిలకలా ఆడింది. టార్చ్ వేసి చూస్తే రబ్బరు ఎండిన చెరువు అడుగులా బీటలు వారి ఉంది. ఒక బీటలో గోరు మొత్తం దూరింది. అంచున నల్లగా జిడ్డు కూడా కనిపించింది. పవర్ స్టీరింగ్ పైపు నుంచి ఎప్పటినుంచో చెమర్చుతున్న నూనె గాలికి వెనక్కి కొట్టుకొచ్చి బుష్ మీద చేరుతోంది. సహజ రబ్బరుకు నూనె పడదు. ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేస్తుంది. పైపు మార్చకుండా బుష్ మార్చితే డబ్బు, శ్రమ రెండూ దండగే. లివర్ చేతిలో ఉన్నప్పుడే రెండు బాల్ జాయింట్‌లు, టై రాడ్ ఎండ్‌లు, చక్రం బేరింగ్ కూడా ఒకసారి ఆడించి చూడండి. వీటిలో ఏది పోయినా వణుకు ఇలాగే ఉంటుంది.

మొదటి జత. కంపెనీ తరహా రబ్బరు, 1,41,000 దగ్గర వేయించాను. ఒక వర్క్‌షాప్‌లో పని అయింది. కారు తీసుకున్న రోజు నిజంగా కొత్త కారులా ఉంది. వణుకు పోయింది, గతుకుల మీద ముందు భాగం మెత్తగా దిగింది, స్టీరింగ్ మధ్యలో చిన్న ఖాళీ ఉండేది అదీ పోయింది. పద్నాలుగు నెలలు గడిచాయి, 1,58,000 దగ్గర మళ్లీ మొదలైంది. పదిహేడు వేల కిలోమీటర్లకే బుష్ పోవడమేమిటని విప్పి చూస్తే, రబ్బరు ఒకే పక్కకు మెలితిరిగినట్టు చీలి ఉంది. నూనె జాడ లేదు.

ఆ చీలిక చూశాకే ఆ రోజు జరిగింది గుర్తొచ్చింది. బుష్‌లు నొక్కి బిగించాక రాత్రి అయిందని కారును లిఫ్ట్ మీదే వదిలేసి, మర్నాడు చక్రాలు వేసి దింపారు. ఈ కారులో అది చేయకూడని పని. ఈ బుష్‌ను ఆర్మ్ కొన మీదకు తోయడానికి సబ్బు నీళ్ల లాంటి ద్రవం రాస్తారు. అది తడిగా ఉన్నంతసేపే బుష్ కొన మీద జారుతుంది. ఆరిపోయాక రబ్బరు ఇనుమును గట్టిగా పట్టేసుకుంటుంది, ఇక తిరగదు. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు అలా పట్టుకుంటే, కారును కిందికి దింపిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. నిలబెట్టిన కారులో కూడా దానికి విశ్రాంతి లేదు. దాని మీద గుంత వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం మెలి. తయారీదారు రాసిన పద్ధతిలో నూనె, గ్రీజు రాయొద్దని, ఆరేలోపు కారును నేల మీద మామూలు ఎత్తులో నిలబెట్టాలని స్పష్టంగా ఉంది. రబ్బరు మంచిదే. దాన్ని మెలిపెట్టి పట్టించారు, అంతే. నేను అప్పుడు అడిగి ఉండాల్సింది. అడగాలని తెలియలేదు.

కానీ అప్పుడు నేను తీసుకున్న పాఠం వేరు. "రబ్బరు ఆగదు, గట్టిది వేయాలి" అనుకున్నాను. అలా పాలీకి వెళ్లాను.

రబ్బరు, పాలీల గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. మామూలు బుష్ రబ్బరు సాధారణంగా 55 నుంచి 70 మధ్య ఉంటుంది. నేను తీసుకున్న పాలీ 80. రేసు కార్లకు 95 దాకా దొరుకుతాయి. కాగితం మీద 65కూ 80కూ పెద్ద తేడా కనిపించదు. కానీ పని చేసే తీరే వేరు. రబ్బరు బుష్‌లో కదిలే భాగాలు లేవు. ఆర్మ్ పైకీ కిందికీ తిరిగినప్పుడు రబ్బరే మెలితిరిగి ఆ కదలికను మింగేస్తుంది. పాలీ అంతగా మెలితిరగదు. అందుకే అందులో ఇనుప గొట్టం పాలీ లోపల జారుతూ తిరుగుతుంది, మధ్యలో సిలికోన్ గ్రీజు. అంటే రబ్బరు స్ప్రింగ్ తీసేసి, దాని చోట ఒక బేరింగ్ పెట్టినట్టు. బేరింగ్ అంటే గ్రీజు కావాలి, దుమ్ము దూరకూడదు, అరుగుదల ఉంటుంది. కొనేటప్పుడు నేను ఆలోచించని సంగతి ఇదే.

బిగించడం మాత్రం ఎంతో సులువు. రెండు ముక్కలుగా వస్తుంది, చేత్తో నొక్కి బెంచ్ వైస్‌లో బిగిస్తే దిగిపోతుంది. కారు ఏ ఎత్తులో ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే గొట్టం ఎలాగూ తిరుగుతుంది. మొదటి ఆదివారం మలుపులున్న రోడ్డు మీదకు తీసుకెళ్లాను. ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది. స్టీరింగ్ కొంచెం తిప్పితే ముక్కు అప్పుడే తిరిగేది. ఇంతకుముందు నా చేతికీ చక్రానికీ మధ్య ఏదో దిండు ఉన్నట్టుండేది, అది తీసేసినట్టయింది. మలుపు మధ్యలో బ్రేక్ తాకితే కారు గీత తప్పేది కాదు. గట్టిగా బ్రేక్ వేస్తే ముందు భాగం ఒకే ముక్కలా, సూటిగా ఆగేది. పాలీ గురించి మంచిగా చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ మంచి నిజమే.

ఏడాది గడిచాక రెండో ముఖం కనిపించింది. చల్లని ఉదయాల్లో స్పీడ్ బ్రేకర్ మీద దిగుతుంటే ముందు కుడి వైపు నుంచి కీచుమని పాత తలుపు లాంటి చప్పుడు. విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెడితే ఐదారు నెలలు నిశ్శబ్దం, తర్వాత మళ్లీ అదే. మూడేళ్లలో నాలుగుసార్లు విప్పాను. గాళ్లు పడిన రోడ్డు మీద కారు ఆ గాడి వెంబడి తనంతట తానే పక్కకు పోవడం మొదలైంది. రబ్బరు మింగేసే చిన్న చిన్న తోపులన్నీ ఇప్పుడు నేరుగా స్టీరింగ్‌కు వస్తున్నాయి. ఒక గంట ప్రయాణంలో అది తెలియదు. ఆరు గంటల ప్రయాణంలో భుజాలకు తెలుస్తుంది. నాతో వచ్చే మా ఆవిడకు సాంకేతిక విషయాలు పట్టవు. అయినా తనే మొదట అంది: "ఏమండీ, ఈ మధ్య ఈ కారు ఎక్కి దిగితే అలసటగా ఉంటోంది, ముందు ఇలా ఉండేది కాదు." ఆ మాట నేను చాలా రోజులు మోశాను.

1,97,000 దగ్గర చివరిసారి విప్పినప్పుడు లోపల కనిపించిందే నా నిర్ణయానికి కారణం. తెల్లగా పెట్టిన గ్రీజు నల్లటి ముద్దగా వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఇసుక కరకరలాడింది. గొట్టం మీద ఒక పక్క మాత్రమే అద్దంలా మెరుస్తోంది, ఆ మెరుపులో గోటికి తగిలే సన్నటి గాళ్లు. పాలీ రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఈ ఆర్మ్ వెనక కొన ఒకే ఇరుసు మీద శుద్ధంగా తిరగదు, కొంచెం వాలుగా కూడా ఊగుతుంది. రబ్బరు ఆ వాలును కూడా భరిస్తుంది. పాలీ గొట్టంలో దానికి చోటు లేదు, అంచులు తింటుంది. 39,000 కిలోమీటర్లు ఆగింది, చెడ్డదేమీ కాదు. కానీ చివరి పది వేలలో నేను ఇష్టపడ్డ ఆ పదును ఎప్పుడో పోయింది, చప్పుడు మాత్రం మిగిలింది.

మధ్యలో ఇంకో రుచి కూడా చూశాను. స్నేహితుడు తన ఈ36కు రబ్బరు, పాలీ రెండూ లేకుండా ఇనుప గోళం ఉన్న మోనోబాల్ పెట్టుకున్నాడు. ట్రాక్ మీద రెండు రౌండ్లు నడపనిచ్చాడు. అంత శుభ్రమైన స్టీరింగ్ నేను ఏ పాత కారులోనూ చూడలేదు. ఏ దిక్కుకైనా స్వేచ్ఛగా తిరుగుతుంది, ఏ దిక్కుకూ జరగదు. తిరుగు ప్రయాణం అదే కారులో మామూలు రోడ్డు మీద చేశాం. రోడ్డు అతుకు ఒక్కొక్కటీ సుత్తితో కొట్టినట్టు కాళ్ల కింద తగిలింది. ఏడాదిలోపే గోళంలో దుమ్ము చేరి టకటకమనడం మొదలైంది, వాడు మార్చాడు, మళ్లీ అదే వేశాడు. వాడి కారు ట్రాక్‌కు ట్రాలీ మీద వెళ్తుంది. వాడికి అది సరైనదే.

ఇక మూడో జత. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

ఈ36లో ముందు క్యాస్టర్ సర్దడానికి ఏ బోల్టూ లేదు. క్యాస్టర్ అంటే, సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది చూడండి, ఆ వాలు. అది ఎంత ఎక్కువుంటే చక్రం అంత బలంగా సూటిగా నిలబడాలని చూస్తుంది, చేతులు వదిలితే స్టీరింగ్ తనే మధ్యకు వస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి చక్రం పైభాగం లోపలికి వాలి టైర్ మొత్తం రోడ్డును పట్టుకోవడానికి కూడా అదే తోడ్పడుతుంది. ఇంజనీర్లు దాన్ని మార్చడానికి తెలివైన దారి ఒకటి వాడారు. బుష్‌లో రంధ్రాన్ని మధ్యలో కాకుండా పక్కకు పెట్టడం. ఆర్మ్ వెనక కొనను చక్రం వైపుకు జరిపితే, ఇందాక చెప్పుకున్న తిరుగుడు ఎదురు దిక్కున జరిగి బయటి బాల్ జాయింట్ ముందుకు వెళ్తుంది. చక్రం అడుగు ముందుకు, వాలు ఎక్కువ. ఈ36కు ముందు తరమైన ఈ30లోని స్పోర్ట్స్ మోడల్ ఎం3లో ఈ పద్ధతే ఉంది. అమెరికాలో అమ్మిన 1995 ఈ36 ఎం3లోనూ ఇలాంటి పక్క రంధ్రం బుష్‌లే ఉన్నాయి. 1996 నుంచి అక్కడి ఎం3 ఆర్మ్ ఆకారమే మారింది, దానికి మధ్య రంధ్రం బుష్‌లు. కాబట్టి ఎం3 ఉన్నవాళ్లు తమ కారులో ఏ ఆర్మ్ ఉందో చూడకుండా బుష్ ఎంచుకోకూడదు. ఆర్మ్ ఒక సంవత్సరానిది, బుష్ ఇంకో సంవత్సరానిది కలిస్తే క్యాస్టర్ అనుకున్నది రాదు. నాలాంటి మామూలు ఈ36కు మధ్య రంధ్రం బుష్‌లే వస్తాయి. వాటి చోట పక్క రంధ్రం బుష్‌లు వేసుకోవచ్చు.

నేను ఎంచుకున్నది పక్క రంధ్రం, లోపల ఖాళీలు లేని నిండు రబ్బరు. ఖాళీలు లేవు కాబట్టి బ్రేక్ దెబ్బకు అడ్డంగా జరగడం తగ్గుతుంది. పాలీలో నాకు నచ్చిన గుణం అదే కదా. రబ్బరు కాబట్టి మెలితిరుగుతుంది, వాలును భరిస్తుంది, గ్రీజు అడగదు. గట్టిదనం కావాల్సింది ఒక దిక్కున మాత్రమే. మిగతా దిక్కుల్లో మెత్తగా ఉండాలి. పాలీ అన్ని దిక్కులా గట్టిగా ఉండి, తిరిగే దిక్కున మాత్రం జారుతూ అరిగింది. ఈ తేడా నాకు రెండు జతలు ఖర్చయ్యాక తెలిసింది.

ఈసారి పని ఇంట్లోనే, మా తమ్ముడి సాయంతో చేశాను. పాత పాలీ తేలిగ్గానే ఊడింది. కొత్త బుష్‌ను బ్రాకెట్‌లోకి ప్రెస్ మీద ఎక్కించేటప్పుడు గుర్తులు రెండుసార్లు చూసుకున్నాం. పక్క రంధ్రం బుష్‌లో ఎడమ కుడి తారుమారైతే క్యాస్టర్ పెరగడానికి బదులు తగ్గుతుంది. రంధ్రం ఎప్పుడూ చక్రం వైపుకు ఉండాలి. అది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే గుర్తులు చెరిగిపోయినా ఫర్వాలేదు. ఆర్మ్ కొనను సన్నటి ఉప్పు కాగితంతో రుద్ది, తుప్పు పొట్టు తీసి, గుడ్డతో పొడిగా తుడిచాం. ఆ తర్వాతే సబ్బు నీళ్లు.

అసలు హడావుడి అప్పుడే. తడి ఆరకముందే బుష్‌ను కొన మీద సరైన లోతుకు తోయాలి, బ్రాకెట్ బోల్టులు ఎక్కించాలి, చక్రం వేయాలి, కారు దింపాలి. అందుకే పానాలు, బోల్టులు, చక్రం అన్నీ ముందే పక్కన పేర్చుకున్నాం. ఒక పక్క పూర్తిగా చేసి, దింపి, తర్వాతే రెండో పక్క ముట్టుకోవచ్చని మొదట అనుకున్నాం. కానీ అలా చేస్తే రెండో పక్క ఎత్తినప్పుడు, రెండు పక్కలనూ కలిపే స్టెబిలైజర్ బార్ మొదటి పక్కను కూడా లాగుతుంది. అందుకని రెండు పక్కలా బ్రాకెట్‌లు సిద్ధం చేసుకుని, ఒకేసారి తోసి, ఒకేసారి దింపాం. "అన్నా, ఇరవై రెండు నిమిషాలు," అన్నాడు తమ్ముడు ఫోన్ చూసి. నేను అరగంట లోపు అని గడువు పెట్టుకున్నాను. దింపాక బానెట్ మీద ఇద్దరం చేతులు వేసి నాలుగుసార్లు నొక్కి వదిలాం, కారును ఒక బారెడు ముందుకూ వెనక్కూ తోశాం. ఆ రాత్రంతా కదిలించలేదు.

మర్నాడు చూస్తే చక్రాలు తమ గూళ్లలో కంటికి తెలిసేంత ముందుకు జరిగాయి. వెనక గ్యాప్ పెరిగి ముందు గ్యాప్ తగ్గింది. వెడల్పు టైర్లు, బాగా కిందికి దించిన కారు అయితే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు బంపర్ లోపలి ప్లాస్టిక్‌కు తగులుతోందేమో తప్పకుండా చూసుకోండి. నాది మామూలు ఎత్తు, తగల్లేదు. తర్వాత నేరుగా అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లాను. ఆర్మ్ జరిగితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది. టో సర్దకుండా తిప్పితే కొత్త బుష్‌ల మీద కోపం వస్తుంది, టైర్ల లోపలి అంచు అరుగుతుంది, తప్పు మాత్రం వాటిది కాదు.

నాలుగున్నరేళ్లు, 54,000 కిలోమీటర్లు అయింది. అనుభవం ఇదీ.

స్టీరింగ్ బరువెక్కింది. పార్కింగ్‌లో కొంచెం, వేగంలో ఇంకొంచెం. పవర్ స్టీరింగ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, నాకైతే ఆ బరువు నచ్చింది. మలుపు దాటాక చేతులు వదులు చేస్తే చక్రం తనే మధ్యకు వస్తుంది. ఇంతకుముందు నేను తెచ్చేవాణ్ని. ఎక్కువ వేగంలో సూటిగా పోవడం మూడింటిలోకీ దీనిదే ఉత్తమం. గాళ్ల వెంబడి పక్కకు పోవడం పాలీతో పోల్చితే సగం కంటే తక్కువ, పూర్తిగా పోలేదు. మలుపులోకి దూకే ఆ మొదటి క్షణపు పదునులో మాత్రం కొత్త పాలీయే ముందుంటుంది. ఆ తేడా ఉంది, దాచను. కానీ మలుపు మధ్యలో, స్టీరింగ్ బాగా తిరిగి ఉన్నప్పుడు, ముందు టైర్ల పట్టు ఇప్పుడే ఎక్కువ. ఆదివారం రోడ్డు మీద అదే ఎక్కువ ఆనందం ఇస్తోంది.

బ్రేక్ వణుకు మళ్లీ రాలేదు. డిస్క్‌లు ఈ మధ్య ఒకసారి మార్చాను, అదీ అరిగిపోయినందుకు. తెల్ల గీతల పరీక్ష మళ్లీ చేశాను, అదే ఫోన్, అదే చోటు, అదే ముప్పై వేగం. ఈసారి గీతలు ఒక మిల్లీమీటరు కూడా ఎడం కాలేదు. గతుకుల మీద మొదటి జత అంత మెత్తగా లేదు, ఖాళీలు లేని లోటు చిన్న గులకరోడ్డు మీద అరికాళ్లకు తెలుస్తుంది. శబ్దం మాత్రం లేదు. చల్లని ఉదయమైనా, వానాకాలమైనా ఒక్క కీచు కూడా వినలేదు. నేను దాన్ని విప్పలేదు, గ్రీజు పెట్టలేదు, ముట్టుకోలేదు.

ఇదే కారు ఉన్న ఎవరైనా అడిగితే నా సమాధానం ఇది. రోజూ నడిపే కారు, అప్పుడప్పుడు మలుపుల రోడ్డు అయితే, పక్క రంధ్రం నిండు రబ్బరు. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కే కారు, మెత్తదనమే ముఖ్యం అనుకుంటే కంపెనీ తరహా రబ్బరు. కానీ బిగించేవాళ్ల పక్కన నిలబడి, తడి ఆరకముందే కారు నేల మీదకు దిగేలా చూసుకోండి. ఏటా విప్పి గ్రీజు పెట్టడం మీకు సరదా పని అయితే పాలీ మిమ్మల్ని సంతోషపెడుతుంది. స్టెబిలైజర్ బార్ బుష్‌లకు నేను కూడా పాలీయే వాడుతున్నాను, అక్కడ అది ఒకే దిక్కున తిరుగుతుంది, నాలుగేళ్లుగా పేచీ లేదు. మోనోబాల్ ట్రాక్ కారుకే.

పోయిన నెల కారు ఎత్తి టార్చ్ వేసి చూశాను. ఎడమ బుష్ అంచున వెంట్రుకంత బీట ఒకటి ఉంది. నిరుడు తీసిన ఫోటోతో పోల్చితే అంతే ఉంది, పెరగలేదు. లివర్ పెట్టి ఎత్తితే రబ్బరు సాగి వెనక్కి వస్తోంది. కుడి ఆర్మ్ బయటి బాల్ జాయింట్ బూట్ (రబ్బరు తొడుగు) మాత్రం చీలడం మొదలుపెట్టింది. అది వచ్చే ఏడాది పని. అప్పుడు ఎడమది కూడా కలిపి రెండు ఆర్మ్‌లూ మారుస్తాను, వాటితో ఇదే రకం బుష్‌ల ఇంకో జత వేస్తాను.